ఆగిపోయే వారాలను కూడా లెక్కలో వేసుకోండి: మొదటిసారి 10 కిలోమీటర్ల విరాళ పరుగుకు సిద్ధమయ్యే పద్ధతి

హైదరాబాద్‌లో ఏటా ఆగస్టులో జరిగే మారథాన్‌లో 42.195 కిలోమీటర్ల పూర్తి పరుగు, అందులో సగం దూరం ఉండే హాఫ్ మారథాన్‌తో పాటు 10 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. ఇంతవరకు ఎన్నడూ పరుగెత్తని మనిషి ఒక మంచి పని కోసం విరాళాలు పోగుచేయాలనుకుంటే ఈ 10 కిలోమీటర్లే సరైన దూరం. నేను 44వ ఏట, క్యాన్సర్ సోకిన పిల్లల వైద్యానికి సాయపడే ఒక సంస్థ కోసం అందులో పేరు నమోదు చేసుకున్నాను. మే మొదటి వారం నుంచి ఆగస్టు నాలుగో వారం దాకా 16 వారాలు చేతిలో ఉన్నాయి. ఆ 16 వారాల్లో నాలుగున్నర వారాలు నేను ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదు. మొదట కాలినొప్పి ఆపింది, తరువాత జ్వరం ఆపింది, మధ్యలో ఒక వారం వానలు మింగేశాయి.

అప్పుడు నేర్చుకున్న విషయమే ఈ వ్యాసానికి ఆధారం. మన ప్రాంతంలో మేలో మొదలుపెట్టి ఆగస్టులో పరుగెత్తాలనుకునేవారు రోహిణి కార్తె ఎండలనూ, తొలకరినీ, ఆ వెంటనే వచ్చే విషజ్వరాల కాలాన్నీ దాటుకుని వెళ్లాలి. కాబట్టి అవాంతరం వస్తుందా రాదా అని ఆలోచించడం అనవసరం, అది వచ్చి తీరుతుంది. 16 వారాలుంటే 12 వారాలకు సరిపడే సాధననే రాసుకుని, మిగిలిన నాలుగు వారాలను ఖాళీగా ఉంచండి. ఆ నాలుగు వారాలు ఎప్పుడు ఖర్చవుతాయో ముందుగా తెలియదు, కానీ అవి ఉన్నాయన్న ధైర్యం ఉంటేనే నొప్పి వచ్చిన రోజున ఆగగలుగుతారు.

పరుగు మొదలుపెట్టడానికి ముందు

40 ఏళ్లు దాటినవారు, రక్తపోటు లేదా మధుమేహం ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవారున్నవారు, మెట్లెక్కితే ఛాతీ బరువెక్కేవారు వైద్యుణ్ణి కలిసిన తరువాతే మొదటి అడుగు వేయాలి. మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు పరుగు రోజుల్లో మోతాదు, తిండి వేళలు ఎలా మార్చుకోవాలో అప్పుడే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే పరుగు మధ్యలో చక్కెర పడిపోవడం ప్రమాదం. మహిళలు హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోవడం చాలా అవసరమని నా అభిప్రాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రెండు నెలలు సాధన చేసినా ఆయాసం తగ్గకపోతే తమలో పట్టుదల లేదని బాధపడే స్త్రీలలో చాలామందికి నిజానికి లోపించింది ఇనుము.

షూ విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం వేళ దుకాణానికి వెళ్లి, పరుగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్లే వేసుకుని, బొటనవేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండేలా చూసి, దుకాణంలోనే నాలుగడుగులు పరుగెత్తి హాయిగా అనిపించినవి కొనుక్కోండి. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది కాబట్టి మొదటి పరుగుకు ఒక్క జత చాలు.

ఊపిరి తొందరపెడుతుంది, ఎముక ఆగమంటుంది

కొత్తగా పరుగెత్తేవారికి దెబ్బలు ఎందుకు తగులుతాయో అర్థమైతే సగం సాధన అర్థమైనట్లే. పరుగు మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకే గుండె, ఊపిరితిత్తులు అలవాటు పడతాయి, ఆయాసం తగ్గుతుంది, మనిషికి ఉత్సాహం వస్తుంది. ఎముకలు, కండరాలను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు మాత్రం అంత త్వరగా బలపడవు, వాటికి నెలలు పడుతుంది. పరుగులో ఒక్కొక్క అడుగుకూ నేల మీద పడే భారం శరీరం బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. నాలుగో వారంలో ఊపిరి ‘ఇంకా పరుగెత్తు’ అంటుంటే కాలి ఎముక ‘ఇప్పుడే వద్దు’ అంటుంది. మనకు వినిపించేది మొదటి మాటే. నేను సరిగ్గా ఆ వారంలోనే, అంతకు ముందు వారానికి 9 కిలోమీటర్లు చేస్తున్నవాణ్ణి, ఒక్కసారిగా 15కు వెళ్లాను.

అందుకే మొదట్లో నడకను కలిపి పరుగెత్తాలి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న అమెరికా పరుగువీరుడు జెఫ్ గాలోవే 1970ల నుంచి కొత్తవారికి నేర్పుతూ వచ్చినది ఈ పద్ధతే: అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే నడవడం. వారానికి మూడు రోజులు, ఒక రోజు విడిచి ఒక రోజు, ముందుగా అయిదు నిమిషాలు చురుగ్గా నడిచి, ఆపైన ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది సార్లు చేయండి. రెండు వారాలు ఇంతకు మించవద్దు. మూడో వారం నుంచి రెండు నిమిషాల పరుగుకు రెండు నిమిషాల నడక, అయిదో వారానికి మూడుకు రెండు, ఏడో వారానికి అయిదుకు ఒకటి, ఇలా పెంచుకుంటూ పోవచ్చు. వేగం గురించి అసలు ఆలోచించవద్దు. పక్కన ఉన్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగమే మీ వేగం. ‘అవును’, ‘కాదు’ తప్ప మాట రావడం లేదంటే వేగం ఎక్కువైనట్లే. ఒంటరిగా పరుగెత్తేవారు చిన్నప్పుడు నేర్చుకున్న ఒక పద్యాన్ని పైకి చెప్పుకుంటూ చూడవచ్చు, నేను వేమన పద్యాలతో అలాగే చూసుకునేవాణ్ణి. నాలుగు పాదాలూ రెండు మూడు ఊపిరుల్లో పూర్తయితే సరైన వేగంలో ఉన్నట్లు లెక్క.

వారంలో ఒక రోజు, సాధారణంగా ఆదివారం, దూరం కోసం కేటాయించండి. ఆ దూరాన్ని అర కిలోమీటరు నుంచి కిలోమీటరు చొప్పున మాత్రమే పెంచుతూ, ప్రతి నాలుగో వారం కొంత తగ్గించండి. పరుగు రోజుకు ముందే 10 కిలోమీటర్లు పూర్తిచేసి తీరాలన్న నియమం లేదు. 8 కిలోమీటర్లు నెమ్మదిగా చేయగలిగినవారు, చివరి వారం విశ్రాంతిగా గడిపితే, ఆ మిగిలిన రెండూ చేయగలుగుతారు.

హైదరాబాద్‌లో పరుగెత్తేవారికి ఇంకొక మాట. ఈ నగరం మారథాన్‌కు ఎత్తుపల్లాల పరుగుగా పేరుంది, ఫ్లైఓవర్లే అందుకు చాలావరకు కారణం. అందువల్ల ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు వంటి చదునైన దారిలోనే సాధన అంతా చేసుకుంటే చాలదు. ఎనిమిదో వారం దాటాక వారానికి ఒకసారి కేబీఆర్ పార్కు చుట్టూ ఉండే ఎగుడుదిగుడు నడకదారి వంటి చోటికి వెళ్లండి. ఎక్కేటప్పుడు అడుగు పొడవు తగ్గించి, చూపు పది అడుగుల దూరంలో నిలిపి, వేగాన్ని మర్చిపోండి. దిగేటప్పుడు మడమను ముందుకు చాచి బ్రేకు వేసినట్లు దిగవద్దు, మోకాళ్ల నొప్పి ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. రోడ్డు మీద పరుగెత్తవలసి వస్తే కుడి పక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా వెళ్లండి, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు.

నొప్పి వచ్చినప్పుడు

తొడలు, పిక్కలు పట్టేసినట్లుండి, రెండు కాళ్లకూ సమానంగా ఉండి, నడుస్తుంటే సడలిపోయే నొప్పి సాధనలో భాగమే. ఒకే చోట, ఒకే కాలికి ఉండి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి అలాంటిది కాదు. నడక మారిపోయేంత నొప్పి ఉంటే, అంటే కుంటవలసి వస్తే, ఆ రోజు పరుగు అక్కడితో ఆగిపోవాలి. ఉదయం మంచం దిగి వేసిన మొదటి అడుగుకే మడమ కింద పొడిచినట్లుంటే అది అరికాలి కింది పొరకు సంబంధించినది. మడమ వెనుక నరం లాగినట్లుంటే పిక్కను మడమకు కలిపే స్నాయువుకు సంబంధించినది.

కొత్తవారిని ఎక్కువగా ఆపేది మోకాలికీ చీలమండకూ మధ్య, ఎముక లోపలి అంచు వెంట వచ్చే నొప్పి. నన్నూ అదే ఆపింది. కుర్చీలో కూర్చుని, ఆ కాలిని రెండో మోకాలి మీద పెట్టుకుని, చీలమండ పైనుంచి ఎముక అంచు వెంట బొటనవేలితో అంగుళం అంగుళం చొప్పున నొక్కుతూ పైకి రండి. జానెడు పొడవునా సలుపుగా ఉంటే అది అతిగా వాడటం వల్ల వచ్చిన వాపు కావచ్చు, రెండు వారాల విశ్రాంతితో చాలావరకు తగ్గుతుంది. అలా కాక మిగిలిన చోటంతా బాగానే ఉండి, రూపాయి బిళ్లంత చోట మాత్రం వేలు పెట్టగానే ప్రాణం జివ్వుమంటే, లేదా రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటే, ఎముకలో సన్నని పగులు మొదలైందేమోనని అనుమానించి ఎముకల వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. తొలి వారాల్లో ఇలాంటి పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, అవసరమైతే వైద్యులు ఎమ్మారై తీయిస్తారు. ఎక్స్‌రే బాగుందన్న ఒక్క కారణంతో మళ్లీ రోడ్డెక్కవద్దు.

నాకు వచ్చింది మొదటి రకం. రెండు వారాలు పరుగు మానేసి, నొప్పి లేనంత మేరకు నడిచి, కదలని సైకిలు తొక్కాను. రోజూ మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, గోడ పట్టుకుని, ఒక లెక్కలో పైకి లేచి మూడు లెక్కల్లో మెల్లగా దిగే వ్యాయామాన్ని 15 చొప్పున మూడు సార్లు చేశాను. ఈ ఒక్క వ్యాయామాన్ని మొదటి రోజు నుంచే చేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం ఎవరూ చేయవద్దు. మనల్ని ఆపాల్సిన నొప్పిని ఆ మాత్ర కప్పిపెడుతుంది, పైగా చెమటతో ఒళ్లు ఎండిపోయిన స్థితిలో ఐబుప్రొఫెన్ వంటి మందులు మూత్రపిండాలకు హాని చేస్తాయి.

జ్వరం, ఎండ, వాన, కుక్కలు

తొమ్మిదో వారంలో, జులైలో, నాకు జ్వరం వచ్చింది. ముక్కు కారడం వంటి చిన్న జలుబుతో మెల్లగా నడవవచ్చు గానీ, జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉన్నప్పుడు పరుగెత్తడం తప్పు. వైరస్ ఒంట్లో ఉండగా శ్రమపడితే అరుదుగానైనా గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. పారాసిటమాల్ వేసుకున్నందువల్ల తగ్గిన జ్వరాన్ని తగ్గిన జ్వరంగా లెక్కవేయకూడదు. డెంగీ అయితే మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే జ్వరం దిగిన తరువాతి ఒకటి రెండు రోజులే అందులో గడ్డుకాలం. చికున్‌గున్యా అయితే కీళ్లనొప్పులు వారాల తరబడి ఉండిపోతాయి, ఆ సంవత్సరానికి పరుగు వదులుకోవలసి రావచ్చు.

జ్వరం తగ్గాక ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి నాడి కంటే మంచి సాధనం నాకు దొరకలేదు. ఒంట్లో బాగున్న రోజుల్లోనే, నిద్ర లేచి మంచం దిగకముందు, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి ఒక నిమిషం లెక్కపెట్టి ఆ అంకె రాసిపెట్టుకోండి. నాది 66. జ్వరం తగ్గిన మూడో రోజున లెక్కపెడితే 79 వచ్చింది. ఆకలి వచ్చింది, ఆఫీసుకు వెళ్తున్నాను, అయినా గుండె ఇంకా రోగంతోనే ఉందన్న సంగతి ఆ అంకె చెప్పింది. అది 70 లోపలికి వచ్చేదాకా, అంటే మరో అయిదు రోజులు, ఆగాను.

మే నెలలో అయితే ఉదయం అయిదింటికే బయలుదేరి ఆరున్నరకల్లా ఇంటికి చేరాలి. కొత్త వేడికి శరీరం అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఆ రోజుల్లో దూరం పెంచవద్దు. దాహం వేసినప్పుడు తాగితే చాలు. చెమట పోయిందని లీటర్ల కొద్దీ మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడి అది మరో ప్రమాదం. గంటకు మించిన పరుగు తరువాత ఉప్పు వేసిన మజ్జిగ చక్కగా సరిపోతుంది. విరేచనాలో వాంతులో అయి ఒళ్లు ఎండిపోయినప్పుడు మాత్రం అసలైన ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టును, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి తాగాలి. ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడుపోయిన తీపి పానీయాల మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తరువాత, 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకుండా కట్టడి చేసింది. అందుచేత డబ్బా మీది పేరును కాక, లోపల ఏముందో చదివి కొనండి.

వానలో పరుగెత్తవచ్చు, ఉరుములున్నప్పుడు వద్దు, నీళ్లు నిలిచిన దారిలో అసలే వద్దు, ఆ నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోలు ఉండవచ్చు. తెల్లవారుజామున వీధికుక్కలు వెంటపడితే పరుగు ఆపి, వాటి కళ్లలోకి చూడకుండా, వాటికి వీపు చూపకుండా నిదానంగా నడిచి పక్కకు తప్పుకోవాలి. కరిస్తే, గీరుకున్నా సరే, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు మొదటి టీకా వేయించుకోవాలి. దీంట్లో ఒక్క పూట ఆలస్యం కూడా పనికిరాదు.

విరామం తరువాత తిరిగి మొదలుపెట్టడం

పోయిన వారాలను పూడ్చుకోవాలన్న ఆత్రంలోనే రెండో దెబ్బ తగులుతుంది. నేను పాటించిన లెక్క ఇది. విరామం వారం లోపైతే ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మొదలుపెట్టాను, ఎందుకంటే అన్ని రోజుల్లో శరీరం పెద్దగా ఏమీ పోగొట్టుకోదు. రెండు వారాలైతే ఆపిన నాటి దూరంలో సగం నుంచి మొదలుపెట్టి, మరో రెండు వారాల్లో పాత దూరానికి వచ్చాను. నాలుగు వారాలు దాటితే మొదటి వారం పాఠానికే తిరిగి వెళ్లాలి, కాకపోతే ఈసారి మెట్లు త్వరగా ఎక్కవచ్చు. తిరిగి మొదలుపెట్టిన మొదటి రోజున, ‘ఇంతేనా’ అనిపించేటప్పుడే ఆపేయండి. మరుసటి ఉదయం నొప్పి లేకపోతేనే తరువాతి పరుగు. పరుగు రోజుకు మూడు వారాల ముందు కూడా 5 కిలోమీటర్లు నొప్పి లేకుండా చేయలేకపోతుంటే, నడిచి పూర్తిచేయాలని నిశ్చయించుకోండి, లేదా నిర్వాహకులు ఒప్పుకుంటే 5 కిలోమీటర్ల విభాగానికి మారండి.

విరాళాల మాట

విరాళాల కోసం పరుగెత్తేవారికి ఆగిపోవడం ఎక్కువ కష్టం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల నోటు తీసి నా చేతిలో పెట్టి, అప్పటి నుంచి రోజూ గేటు దగ్గర ‘ఇయ్యాల ఎంత ఉరికిన్రు సార్?’ అని అడిగేవాడు. కాలు నొప్పిగా ఉన్న రెండు వారాలూ ఆయనకు కనపడకుండా వెనుక గేటు నుంచి వెళ్లాను. అది నేను చేసిన పొరపాటు. నొప్పి సంగతి చెప్పిన రోజున ఆయన, ‘అయితే నడువున్రి సార్, పైసలు పిల్లలకిచ్చిన గదా’ అన్నాడు.

1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే యువకుడు క్యాన్సర్ వల్ల ఒక కాలు పోగొట్టుకుని, కృత్రిమ కాలితో, క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం దేశం ఒక కొస నుంచి మరో కొసకు పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వచ్చాక, జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో థండర్ బే దగ్గర ఆగిపోయాడు. పరుగు ఆగినా విరాళాలు ఆగలేదు, 1981 ఫిబ్రవరి నాటికి అవి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి. ఇచ్చేవారు ఇస్తున్నది మన కిలోమీటర్లకు కాదు. అందుకే కిలోమీటరుకు ఇంత అని విరాళం కట్టించుకోవడం నాకు సమ్మతం కాదు, అది కుంటుతూ కూడా పరుగెత్తమని మనల్ని తోస్తుంది.

డబ్బును మీ ఖాతాలోకి కాక నేరుగా సంస్థ ఖాతాలోకే పంపించండి, ప్రతి ఒక్కరికీ రసీదు ఇప్పించండి. పన్ను మినహాయింపు అడిగేవారికి, పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఆ మినహాయింపు వర్తిస్తుందనీ, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అది రాదనీ ముందే చెప్పండి. సాధనలో అవాంతరం వచ్చినప్పుడు ఆ సంగతిని దాతలకు రెండు వాక్యాల్లో రాసి పంపండి. నేను జ్వరం గురించి రాసిన వారమే, అంతవరకు జవాబివ్వని ముగ్గురు డబ్బు పంపారు.

పరుగు రోజు

ముందు రోజే బిబ్, అంటే మీ పరుగు నంబరు ఉన్న చీటీ, తెచ్చుకుని, నాలుగు పిన్నీసులతో బనియను మీద గుచ్చి పెట్టుకోండి. కొత్త షూ, కొత్త మేజోళ్లు, కొత్త తిండి ఆ రోజు వద్దు. పరుగుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు గానీ ఒక అరటిపండు గానీ చాలు, సాంబారు, పచ్చడి పరుగయ్యాక తినవచ్చు. తొడలు ఒరుసుకునే చోట, చంకల్లో వాజలీన్ రాసుకోండి, ఆగస్టు ఉక్కపోతలో చెమట ఆరదు. గుంపుతో పాటు కొట్టుకుపోకుండా, మొదటి రెండు కిలోమీటర్లు సాధనలో కంటే నెమ్మదిగా వెళ్లండి, నీళ్లిచ్చే ప్రతి చోటా ఒక నిమిషం నడవండి. ఎండలో ఉండి కూడా చలి వేసినట్లు ఒళ్లు గగుర్పొడిచినా, కాళ్లు తూలినా, మాట తడబడినా, ఛాతీలో నొక్కినట్లున్నా వెంటనే ఆగి వైద్య శిబిరం వారిని పిలవాలి. గీత దాటిన తరువాత ఒక్కసారిగా కూర్చోకుండా పది నిమిషాలు నడవండి.

ఆ వారంలోగా వచ్చిన మొత్తం ఎంతో, అది ఎవరికి చేరిందో దాతలందరికీ తెలియజేయాలి. వాచ్‌మన్‌కు ఇవ్వవలసిన వంద రూపాయల రసీదును నేను కాగితం మీద ముద్రించి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి అదే జేబులో పెట్టుకుని, పది కిలోమీటర్లూ ఉరికిన్రా అని అడిగాడు. ఎనిమిదిన్నర పరుగెత్తి, మిగిలిన ఒకటిన్నర నడిచానని చెప్పాను.